బేస్తవారం పులుసు

మా నాయనను గని అడుగున పెట్టి తలుపు బిగించింది నేనే. ఎవరో చేశారని, మిషను చేసిందని చెప్పుకోవడానికి లేదు. మీట నొక్కిన వేలు నాది. వేళ చూసి పెట్టిన బుర్ర నాది. ఆ గదిలో ఏమవుతుందో చెప్పే సమీకరణం కూడా నాదే. ఇప్పుడు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

గూడూరుకు పడమరగా పాతమిట్ట గని ఉంది. ఒకప్పుడు మైకా తవ్వేవారు. మా నాయన పెంచలయ్య పదిహేడో ఏట అందులోకి దిగాడు. మైకా అయిపోయాక గని మూతబడి పదేళ్లు గబ్బిలాలపాలయింది. ఆ తరువాత మా ప్రయోగశాల వచ్చింది. నూట ఎనభై మీటర్ల లోతు, చుట్టూ కదలని రాయి, దరిదాపుల్లో రైలు లేదు, లారీ లేదు. మాకు కావలసింది అదే. గని లోపలి సంగతులు తెలిసిన మనిషి కావాలని అడిగితే ఊళ్లో అందరూ మా నాయన పేరే చెప్పారు. అలా నేను డాక్టర్ కామాక్షినై చేరిన చోటనే ఆయన నీళ్ల పంపులు చూసే పనిలో చేరాడు. టీ కొట్టు దగ్గర "మా పాప పెద్ద ఆఫీసరు, నన్ను మందలించేదానికి దానికే పవరుంది" అని గొప్పలు చెప్పుకునేవాడు. ఒక్కనాడూ నా మాట విన్నవాడు కాదు.

మా ప్రయోగం దేనికోసమో రెండు ముక్కల్లో చెబుతాను. భౌతికశాస్త్రంలో రెండు గొప్ప లెక్కలున్నాయి. అణువులను అలలుగా చూసే లెక్క ఒకటి. అది నడవాలంటే లోకమంతటికీ కలిపి ఒకే గడియారం ఉండాలి. రెండోది సాపేక్షత. అలాంటి గడియారం లేనే లేదని, పైనున్న గడియారం కంటే గని అడుగున గడియారం రవ్వంత నెమ్మదిగా నడుస్తుందని అది అంటుంది. రెండూ నిజమే. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోడికోడళ్ల వంటివి అవి. మరి ఒకే అణువు తాలూకు అల సగం గని పైన, సగం గని అడుగున ఉంటే, అది ఏ గడియారాన్ని నమ్ముకోవాలి?

రెంటినీ నమ్ముకుంటుంది అన్నాను నేను. ఆ రెండు సగాలూ మళ్లీ కలిసేదాకా కింద గడిచిన కాలం ఇంత అని ఒక్క అంకె ఉండదు. మెల్లగా కలిపితే రెండు కాలాల్లో తక్కువది నిలుస్తుంది. మోటుగా తెంచితే ఎక్కువది నిలుస్తుంది. కలవకముందే కింద ఎంతసేపయిందని ఎవరైనా అడిగినా, అంటే కెమెరా పెట్టి చూసినా, గడియారం తగిలించి రాసుకున్నా తెంచినట్టే లెక్క. ఇంత రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. నిజమో కాదో నాకే తెలియదు. తేల్చుకోవడానికి జంటగది కట్టాం. పైన ఒక గది, అడుగున ఒక గది, మధ్యలో గాలి తీసేసిన గొట్టం, ఆ గొట్టంలో విపరీతమైన చలిలో ఉంచిన అణువుల మబ్బు. కంటికి ఆనని ఆ తేడాను సాగదీసి చూపించడమే జంటగది పని. పైన గంటన్నర గడిస్తే కింద ఒక్క సెకను తక్కువ గడవాలి. మా ఆశంతా ఆ ఒక్క సెకను మీదే.

దానికి పెద్ద శత్రువు తొట్టి. గనిలోకి మనుషులను దించే ఇనప బోనును మావాళ్లు తొట్టి అంటారు. కిందివాళ్లు పైకి రావాలంటే తాడు లాగి గంట కొడతారు. అది కదిలితే రాయి అదురుతుంది, అల చెదిరిపోతుంది. తొట్టి కదలదని పూచీ ఉన్న గంటన్నర మాకు కావాలి. తొట్టి మిషను నడిపే కరీముల్లాను అడిగాను. నన్ను చిన్నప్పుడు భుజాన ఎత్తుకుని తిప్పిన మనిషి.

"రాహుకాలంలో ఎవురూ కదిలించరు మేడం. గని పుట్టినప్పటి నుంచీ అంతే" అన్నాడు.

"నువ్వు కూడా పాటిస్తావా?"

"నమాజు నాది, రాహుకాలం గనిది" అన్నాడు.

నాకు భలే సంతోషం వేసింది. గురువారం, మా ఇళ్లలో బేస్తవారం అంటాం, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. సరిగ్గా ఆ గంటన్నరే ప్రయోగం అని రాసిపెట్టాను. ప్రయోగశాల పెద్ద వైకుంఠరావుగారు కూడా నా తెలివిని మెచ్చుకున్నారు. కాకినాడ మనిషి, మరో రెండు నెలల్లో పదవీ విరమణ, ఇరవై రెండేళ్లుగా ఈ ఒక్క సెకను కోసమే బతుకుతున్నారు.

అదే రాహుకాలాన్ని పట్టుకుని మా నాయన ఇంకో లెక్క వేసుకున్నాడు. గురువారం ప్రయోగం అని ఇంట్లో చెప్పాను గానీ వేళ చెప్పలేదు. రాహుకాలంలో బుద్ధున్నవాడెవడైనా మంచి పని మొదలుపెడతాడా? కాబట్టి మూడు దాటాకే మొదలుపెడతారు. ఈలోగా అడుగు గదిలో కారుతున్న పంపు బిగించేస్తే కూతురి ప్రయోగానికి అడ్డం ఉండదు. రాహుకాలంలో తొట్టి ఎటూ కదలదు కాబట్టి అన్నం కూడా అక్కడే తినేస్తే సరి. ఇలా అన్నీ ఆలోచించి మా అమ్మ కట్టిచ్చిన క్యారియరు పట్టుకుని ఒంటిగంటంపావుకు కిందికి దిగాడు. క్యారియరులో మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు. వారమంతా ఏం వండినా మా ఇంట్లో శనివారం మాత్రం నీసు పొయ్యి ఎక్కదు. నలభై రెండేళ్ల కాపురంలో మా అమ్మ ఒక్క శనివారం కూడా నీసు ముట్టలేదు. నేను పుట్టిన రోజు శనివారమైతే, ఆసుపత్రిలో ఇచ్చిన కోడిగుడ్డును తిప్పి పంపిందట.

కిందికి దిగేవాళ్లందరికీ మేము ఎలక్ట్రానిక్ కార్డులిచ్చాం. తలుపు దగ్గర గీకితే కింద ఎందరున్నారో పైన తెరమీద కనబడుతుంది. మా నాయన కార్డు ఇంట్లో ఉండేది. బిగుసుకుపోయిన డబ్బా మూతలు తీయడానికి అది బాగా పనికొస్తుందని మా అమ్మ తీసుకుంది. ఆయన మాత్రం పాతకాలం పద్ధతి వదల్లేదు. గని నోటి దగ్గర చెక్కబోర్డు, దానికి వరసగా మేకులు. దిగేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల మేకుకు తగిలించాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ల ఉందంటే కింద మనిషి ఉన్నట్టు. ఆ రోజూ నలభై ఒకటో నంబరు బిళ్ల తగిలించే దిగాడు. కరీముల్లా ఆయనను దించి, తొట్టిని పైకి తెచ్చి, బిళ్ల ఉంది కదా అందరికీ తెలుస్తుందిలే అనుకుని భోజనానికి వెళ్లాడు. నేను బోర్డు చూడలేదు. తెర చూశాను. "కింద ఉన్నవారు: 0" అని ఉంది. మీట నొక్కాను. కింద గది తలుపు దానంతటదే బిగుసుకుంది.

కింద గడియారాన్ని చూడకుండా, పైనున్న మబ్బును బట్టి అడుగు గది కాలాన్ని అంచనా కట్టి చూపే అంకె ఒకటి తెరమీద ఉంది. సరిగ్గా ఇరవై నిమిషాలకు అది రెండుగా చీలింది. ఒకటి ఇరవై దగ్గరే తచ్చాడుతోంది. ఇంకొకటి మాతోపాటే పరుగెడుతోంది. ఒక్క సెకను తేడా వస్తే చాలనుకున్న చోట నిమిషాలు నిమిషాలు తేడా.

"కామాక్షిగారూ, విడిపోయిందండీ! రెండూ కనబడుతున్నాయి!" అంటూ వైకుంఠరావుగారు కుర్చీలోంచి లేచి చిన్నపిల్లాడిలా గంతులేశారు. నేనూ వేశాను. మూడు గంటల దాకా మేమిద్దరం ఒకరికొకరు టీలు కలిపి ఇచ్చుకుంటూ పండగ చేసుకున్నాం. ఇప్పటికీ ఆ టీ గుర్తొస్తే నాకు సిగ్గేస్తుంది.

మూడు దాటగానే కరీముల్లా తలుపు దగ్గర నిలబడ్డాడు. "పెంచలన్న గంట కొట్టలేదే. పైకి రాడా?"

"ఎక్కడినుంచి రావాలి?" అన్నాను.

అతను చెక్కబోర్డు వైపు చెయ్యి చూపించాడు. బోర్డంతా ఖాళీ. ఒక్క మేకుకు మాత్రం బిళ్ల.

నా చెయ్యి మీట మీదికి పోయింది. ఆపేద్దామని. వైకుంఠరావుగారు నా మణికట్టు పట్టుకున్నారు. అంత బలం ఆయనకు ఎక్కడిదో తెలియదు.

"ఆపకండి. మోటుగా తెంచితే ఎక్కువది నిలుస్తుంది. మీరు రాసిందే కదండీ."

"గంటన్నరే కదా అయింది! నిలిస్తే నిలవనివ్వండి!"

"గంటన్నర కాదండీ. అంకె చూడండి."

చూశాను. మాతోపాటు పరుగెడుతోందనుకున్న రెండో అంకె ఎప్పుడో మమ్మల్ని దాటిపోయింది. నా లెక్క ఖాళీ గదికి వేసింది. అందులో ఒక మనిషి, ఒక ఇనప పనిముట్ల పెట్టె ఉండేసరికి సాగవలసినదానికన్నా ఎంతో సాగింది. ఆ అంకె ఇరవై మూడు గంటలు దాటి ఇంకా పెరుగుతోంది. గది తలుపు మూస్తే గాలి చొరబడదు. లోపలున్న గాలి ఒక మనిషికి రెండు రోజులకు మించి రాదు. తెంచిన కుదుపులో ఆ అంకె ఎక్కడికి పోయి నిలుస్తుందో చెప్పలేను. మెల్లగా కలపాలంటే ఎంత కాలం పడుతుందో కాగితం మీద లెక్క వేశాను. తప్పు వేశానేమోనని మళ్లీ వేశాను. తొమ్మిది రోజులు. వచ్చే శనివారం కాదు, ఆ పై శనివారం పొద్దున.

అంటే తొమ్మిది రోజుల తరువాత ఆ తలుపు తెరిస్తే లోపల మా నాయన క్యారియరు మూత తీస్తూ కూర్చుని ఉంటాడు. లేదా గాలి అందక ఎప్పుడో చనిపోయి ఉంటాడు. ఏది అన్నది కింద కూడా ఇంకా నిర్ణయం కాలేదు. నా సమీకరణం నిజమైతేనే మొదటిది. నిజమని రుజువు చేసినవాడు లోకంలో ఒక్కడూ లేడు.

అమ్మను పిలిపించాను. పేరు మస్తానమ్మ. చేతులు చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"నాయన కింద ఉండాడమ్మా. తొమ్మిది రోజులు తలుపు తెరవకూడదు."

"తొమ్మిది రోజులా? మాత్రలు ఇంట్లోనే ఉండాయే." మా నాయనకు షుగరు.

"ఆయనకి ఇరవై నిమిషాలే అయ్యుండచ్చు. అంతా అయ్యుండచ్చు. ఇంకా ఏదీ తేలలా. మనం తొంగిచూసినా, బతికుండావా అని గంట కొట్టి అడిగినా చెడ్డదే నిజమవతాది. ఎవురూ అడక్కుండా ఉంటే..." అని ఆగిపోయాను.

ఆమె అక్కడే కింద కూర్చుంది. "పొయ్యేవాణ్ణి యాడికని అడగబాకండే అని మా అమ్మ చెప్పేది. అడిగితే పోయిన పని చెడిపోతాదని. అట్టాంటిదే గదా?"

"అట్టాంటిదే అమ్మా."

"సరే. అడగను."

పదకొండేళ్ల నా లెక్కను అంత త్వరగా ఒప్పుకున్నది ఆమె ఒక్కతే.

మీట నొక్కేముందే ఆపి ఉంచినవే అయినా, ఆ రోజే అడుగు గది నుంచి వచ్చే తీగలన్నీ పైన ఊడదీశాం. కెమెరా, మైకు, ఉష్ణమాపకం, గడియారం, మొత్తం పదకొండు. కరీముల్లా తొట్టి తాళం చెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మిషను బలాన్ని గంటకు ఇంత అని తగ్గిస్తూ పోవడం మా పని. అలవాటుకొద్దీ కరీముల్లా చెయ్యి రెండుసార్లు గంట తాడు మీదికి పోయింది. క్షేమమా అని అడగడానికి మూడు కొట్టాలి. రెండుసార్లూ మా అమ్మే అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది.

రోజూ పొద్దునే వచ్చి గని ఆఫీసు వరండాలో కూర్చునేది. చింతపండు గింజలు తీసేది, బియ్యం ఏరేది. గని నోటి వైపు తల తిప్పేది కాదు. ఊళ్లోవాళ్లు పలకరించడానికి వస్తే "పరామర్శలకైతే ఇంకో ఇల్లు చూసుకోండి, ఈడ ఏమీ జరగలేదు" అని తిప్పి పంపేది. నాలుగో రోజు మా పెద్దత్త వచ్చింది. మా నాయన అక్క. వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మెల్లగా అసలు సంగతి అడిగింది.

"ఎట్టయినా చెయ్యాల్సినవి చెయ్యాల గదా మస్తానమ్మా. దినం ఏ రోజు నుంచి లెక్కబెట్టాల? దిగిన బేస్తవారం నుంచా, తలుపు తీసినాకనా?"

మా అమ్మ చేట కిందపెట్టింది. "వదినా, నీ తమ్ముడు అన్నం తినేదానికి కూర్చోనుండాడు. తినేవాడి గురించి ఈ మాటలేంది? లేచి ఇంటికి పో."

అత్త వెళ్లిపోయింది. అమ్మ మళ్లీ చేట అందుకుంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరడం నేను చూశాను. చూడనట్టు లోపలికి వెళ్లిపోయాను.

ఇంటికి స్నానానికి వెళితే ఆయన వస్తువులన్నీ ఎక్కడివక్కడే ఉండేవి. మాత్రల అట్ట కిటికీలో ఉంది. దాన్ని లోపల పెడదామా అంటే, "ఆయనకి ఇంకా బేస్తవారం మధ్యాన్నం మాత్రకే పొద్దు కాలా, ఉండనీ" అంది. ఆమెకు నా మీద కోపం ఉందేమోనని కనిపెట్టి చూశాను. కోప్పడితే బాగుండునని కూడా అనిపించింది. ఆరో రోజు వంటింట్లో నేనే బయటపడ్డాను. "నేనే చేసినానమ్మా. బోర్డు చూసుంటే అయిపోయేది. బిళ్ల అంత దూరాన కూడా కనపడతాది" అని ఏడ్చాను. అమ్మ నా ముందు కంచం పెట్టింది. "కార్డు ఇంట్లో పెట్టుకునింది నేను. దించింది కరీముల్లా. చెప్పకుండా దిగింది ఆయన. అందరం కలిసి చేసినాం. తిను" అంది. తిన్నాను. ఆ ఆరు రోజుల్లో ఆ రోజే కడుపు నిండా తిన్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వైకుంఠరావుగారు నన్ను పైగదికి పిలిచారు. ఊడదీసిన తీగల్లో ఒకటి బల్లమీద పెట్టుకుని కూర్చున్నారు. అడుగు గది గడియారం తీగ.

"ఒక్క మాట వినండి, ఆ తరువాత తిట్టండి. రేపు రెండు సగాలూ కలిసే ఆఖరి నిమిషంలో ఈ తీగ ఒక్కసారి తగిలిస్తే చాలు. కింద తక్కువ కాలమే నిలిచిందని రాతకోతలతో రుజువైపోతుంది. మీ సమీకరణం తప్పయితే తీగ ఉన్నా లేకపోయినా మీ నాన్నగారు... ఒకటే కదండీ. నిజమైతే, ఈ తీగ లేకుండా ప్రపంచంలో ఎవ్వరూ నమ్మరు. రెండు లెక్కలూ కలిసిన చోటు మనం చూశాం. చూశామని చెప్పడానికి ఏమీ ఉండదు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. గది సంగతి ఇప్పటికే పై అధికారుల దాకా పోయింది. మనిషి లోపల ఇరుక్కున్నాక జంటగదిని మళ్లీ ఎవరూ నడపనివ్వరు. ఇదే మొదలు, ఇదే ఆఖరు. పదకొండేళ్లు నావి, ఇరవై రెండేళ్లు ఆయనవి. ఒక్క క్షణం నాకూ ఆశ కలిగింది. కలగలేదని చెబితే అది అబద్ధం.

"నా సమీకరణం నిజమైతే ఆ తీగే మా నాయనను చంపుతుంది సార్" అన్నాను. "ఆఖరి నిమిషంలో అడిగినా అడిగినట్టే."

"అంత నమ్మకమా మీకు?"

"నమ్మకం కాదు సార్, భయం. తప్పయినా ఒప్పయినా రేపు నేను మా అమ్మ ముందు నిలబడాలి."

నేను బయటికి వచ్చేశాను. కోపంగానే వచ్చాను.

శనివారం పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. రెండు సగాలూ కలిసే ఆఖరి ఘట్టాన్ని ఆ గంటన్నరలోనే పెట్టాను. తొట్టి ఎలాగూ తొమ్మిది రోజులుగా కదల్లేదు, అయినా పెట్టాను. నేను కూర్చోగానే వైకుంఠరావుగారు వచ్చి నా ఒడిలో ఏదో పడేశారు. ఆ తీగే. నాలుగైదు ముక్కలుగా కోసి ఉంది.

"మనసు మళ్లీ మారుతుందేమోనని కోసేశానండీ. మీరు కానివ్వండి" అని గోడవైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఆయన మీదున్న కోపమంతా పోయింది.

పదిన్నర అయింది. మిషను బలం సున్నాకు దిగింది. తెరమీద అంకెలు ఆరిపోయాయి. ఇప్పుడు ఏది నిలవాలో అది నిలిచిపోయింది. అందరం గంట కోసం చెవులు రిక్కించాం. మనిషి కింద బాగుంటే గంట కొడతాడు కదా. ఒక నిమిషం, రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. గంట మోగలేదు.

వరండాలో అమ్మ చేతిలో చేట అలాగే ఉంది. నన్ను చూసింది. అడగలేదు.

"దించు" అన్నాను కరీముల్లాతో. తొట్టి ఎక్కాను. నూట ఎనభై మీటర్లు దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. మా నాయన పేరు ఏ స్వామిదో ఆ పెంచలకోన నరసింహస్వామికి రెండుసార్లు మొక్కాను. ఉక్కు తలుపు చక్రం తిప్పడానికి చేతులు చెమటకు జారిపోయాయి. కొంగుతో పట్టుకుని తిప్పాను. తలుపు తెరుచుకుంది.

ముందు వాసన వచ్చింది. చింతపులుసు, మామిడికాయ, మెంతిపొడి వాసన.

మా నాయన తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో క్యారియరు. పై గిన్నె మూత చేతిలో ఉంది. నన్ను చూసి, నా వెనక ఉన్న తొట్టిని చూసి, చేతి గడియారం చూసుకుని మండిపడ్డాడు.

"ఏంది పాపా, రాహుకాలంలో తొట్టి దించినారే! ఇప్పుడే రెండయింది. ఎవురు దించింది? కరీముల్లాకి బుద్ధిపోయిందా?"

గంట ఎందుకు మోగలేదో అప్పుడు తెలిసింది. ఆయన లెక్కలో ఇంకా మూడు కాలేదు. రాహుకాలంలో గంట కొట్టడం తప్పని ఓపిగ్గా కూర్చున్నాడు.

నేను ఆ నేల మీదే కూలబడి ఆయన మోకాళ్లు పట్టుకుని ఏడ్చాను, నవ్వాను. రెండూ ఒకేసారి. "ఏమయింది పాపా? మీ అమ్మ బాగుండాదా?" అని ఆయన కంగారు పడ్డాడు. అడిగిన మొదటి క్షేమం అమ్మది. ఒంటి మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగా ఉన్నాడు. పొద్దున గీసుకున్న గడ్డం నున్నగానే ఉంది. క్యారియరు కింద గిన్నె ముట్టుకుంటే చెయ్యి కాలింది.

పైకి వచ్చాక కరీముల్లా ఆయనను కౌగిలించుకుని వదల్లేదు. "రాహుకాలంలో..." అని మా నాయన మొదలుపెడితే, "తిట్టన్నా, ఎంతసేపయినా తిట్టు" అన్నాడు. అమ్మ మెట్టు దిగి వచ్చింది. ఆయన ముఖం తేరిపార చూసింది. ఆయనా చూశాడు. తొమ్మిది రోజుల్లో ఆమె చెంపలు లోపలికి పోయాయి. అది చూశాకే, ఏదో పెద్దదే జరిగిందని ఆయనకు అర్థమయింది.

"ఏందే, ఇందాక పొద్దున బాగానే ఉండావే. ఇట్టా అయిపోయినావేంది?"

నేను చెప్పాను. ఎంత తేలికగా చెప్పినా బరువైన సంగతే. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. తన గడియారం విప్పి, గోడ మీది క్యాలెండరు వంక చూసి, "అయితే నా తొమ్మిది రోజులు యాడ పోయినాయి?" అన్నాడు.

"యాడికీ పోలా. నా కాడుండాయి" అంది అమ్మ. "నీవీ నావీ కలిపి నేనే గడిపినా."

మా నాయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మా ఎదుట ఆయన అలా పట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. తరువాత, ఏడుపు ఆపుకోవడానికి కాబోలు, "అయితే నువ్వు నాకంటే తొమ్మిది రోజులు ముసలిదానివయినావన్నమాట" అన్నాడు. "సందు దొరికితే చాలు" అని అమ్మ చెయ్యి లాక్కుంది.

వైకుంఠరావుగారు లోపలి నుంచి ఉష్ణమాపకం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఆ గిన్నె! ఆ గిన్నె ఒక్కసారి ఇవ్వండమ్మా! తొమ్మిది రోజుల కింద వండింది ఇంకా పొగలు కక్కుతోందంటే, రుజువంటే అదేనండీ!"

అప్పటికే అమ్మ వరండాలో కంచాలు పెట్టేసింది. పులుసు అన్నంలో పోసింది. "రుజువు చల్లారిపోతే ఏం బాగుంటాది సార్. కూర్చోండి" అంది. ఆయన శాకాహారి. ఉష్ణమాపకం చేతిలో పట్టుకుని కంచాల వంక, మా నాయన వంక చూశారు. తీరా అంకె చూసినా, తానే వేడిచేసి రాశాడంటారని ఆయనకూ తెలుసు. దాన్ని జేబులో పెట్టుకుని నవ్వేశారు. గోడకు ఆనుకుని కూర్చుని, కరీముల్లా ఇంటినుంచి వచ్చిన పెరుగన్నం తిన్నారు. ఇరవై రెండేళ్లలో ఆయన అంత తీరికగా కూర్చుని తినడం అదే మొదటిసారి అనుకుంటాను.

మా నాయన చెక్కబోర్డు దగ్గరికి వెళ్లి నలభై ఒకటో బిళ్ల తీసి జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాడు. నాకూ వడ్డించారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"అమ్మా, ఈ రోజు శనివారం."

అందరం ఆమె వంక చూశాం. అమ్మ గిన్నెలో మిగిలిన పులుసు వంక చూసింది. మూత వాసన చూసింది. తాను తాలింపు వేసిన పొద్దును, మా నాయన క్యారియరు తీసుకుని గుమ్మం దాటిన పొద్దును తలుచుకుంటున్నట్టు ఒక క్షణం కళ్లు మూసుకుంది.

"శనివారం మనకి. ఈ పులుసు బేస్తవారందే గదా" అంది.

ఒక చేప ముక్క తన కంచంలో వేసుకుంది. ముల్లు తీసి, అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది. నేను పుట్టిన రోజున ఆసుపత్రిలో గుడ్డు తిప్పి పంపిన మనిషి.

నా వ్యాసం ఇప్పటికి మూడు పత్రికలు తిప్పి పంపాయి. ఆధారం చూపించమన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. నా దగ్గర ఆధారం లేదు. దాన్ని మేము ఆ మధ్యాహ్నమే తినేశాం. కానీ ఆ ఇరవై నిమిషాలు నిజమని నాకు ఇక అనుమానం లేదు. శనివారం మా అమ్మ చేప తినింది.